కాంగో వెళ్తున్నావా? ముందొక నోట్‌బుక్ కొను

మొన్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. లుబుంబాషిలో మందుల హోల్‌సేల్ కొట్లో లెక్కలు చూసే ఉద్యోగమట, వీసా కూడా వచ్చేసింది. "మామయ్యా, అక్కడెప్పుడూ గొడవలేనంటున్నారు. అసలు ఎవరికీ ఎవరికీ గొడవ?" అన్నాడు. కొల్వేజీ దగ్గర ఓ రాగి గనిలో ఎనిమిదేళ్లు స్టోర్‌కీపర్‌గా చేసొచ్చినవాణ్ని, ఒక్క ముక్కలో చెప్పేస్తాననుకున్నాడు పాపం. నాకు నోరు పెగల్లేదు. ఫోన్లో తేలేది కాదురా, రాసి పంపుతానన్నాను. వాడికి రాసిందే ఇది. అటు వెళ్లే మిగతా కుర్రాళ్లకూ పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

ఒరేయ్, ముందు రెండొందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొను. నాలుగు సాయంత్రాలు చాలు. నాయకుల పేర్లతో మాత్రం మొదలుపెట్టకు. మొదటి ఏడాది నేనా తప్పే చేశాను. లుముంబా, కసావుబు, చోంబే, మొబుటు, ఇద్దరు కబీలాలు, అందరి పేర్లూ నోటికొచ్చాయి గానీ ఎవరు ఎందుకు ఎవర్ని పడగొట్టారో బుర్రకెక్కలేదు. నా స్టాకు రిజిస్టరు తిరగేశాకే తెలిసొచ్చింది. బేరింగులు ఏ దారిన వస్తున్నాయి, రాగి ఏ దారిన పోతోంది, మధ్యలో స్టాంపు ఎవరి చేతిలో ఉంది. ఈ మూడూ పట్టుకుంటే పేర్లు వాటంతటవే వచ్చి వాటి చోట కూర్చుంటాయి.

మొదటి సాయంత్రం దేశం బొమ్మ గీయి. అందం అక్కర్లేదు. విస్తీర్ణంలో మన దేశానికి మూడింట రెండొంతుల పైనే ఉంటుంది. పడమట కిన్షాసా, రాజధాని. ఆగ్నేయ మూల జాంబియాను ఆనుకుని లుబుంబాషి, కొల్వేజీ. రాగీ కోబాల్టూ అక్కడే. మధ్యలో కసాయి అనే ప్రాంతం, అక్కడ వజ్రాలు. తూర్పున రువాండా పక్కన గోమా, ఆ చుట్టుపక్కల కోల్టాన్ (ఫోన్లలాంటి వాటి తయారీకి వాడే ఖనిజం), తగరం, బంగారం. ఇప్పుడు స్కేలు పెట్టి కొలు. కిన్షాసా నుంచి లుబుంబాషికి గాలిలో లెక్కేసినా పదిహేను వందల కిలోమీటర్లు దాటుతుంది. గోమాకీ దాదాపు అంతే. నమ్మి బండెక్కే రోడ్డు లేదు. డబ్బు పుట్టేది ఆ మూల, సంతకం పడేది ఈ మూల.

అదే బొమ్మ మీద ఎర్ర పెన్నుతో ఇంకో గీత గీయి. కాంగో నది మీద ఇంగా ఆనకట్ట దగ్గర మొదలై కొల్వేజీ దాకా, సుమారు 1,700 కిలోమీటర్ల కరెంటు లైను. 1982లో పూర్తయింది. డీసీ లైను కాబట్టి దారిలో ఊళ్లకు తీసుకునే వీల్లేదు. ఊళ్ల నెత్తి మీంచే గనులకు పోతుంది, కిందనేమో బుడ్డిదీపాలు. ఆగ్నేయంలోనే నదులున్నాయి కదా, అక్కడే ఇంకో ఆనకట్ట కట్టుకుంటే పోయేది కదా అని మా ఎలక్ట్రీషియన్‌ని అడిగాను. "కట్టుకుంటే స్విచ్చి కిన్షాసా చేతిలో ఎలా ఉంటుంది?" అన్నాడు. కటాంగా, అంటే గనులున్న ఈ ఆగ్నేయ ప్రాంతం, మళ్లీ విడిపోకుండా అప్పటి అధ్యక్షుడు మొబుటు వేసిన గొలుసు అది అని అక్కడ చాలామంది అనుకునే మాటే. 'మళ్లీ' ఎందుకన్నారో రెండో సాయంత్రం తెలుస్తుంది.

ఆ సాయంత్రం తీరిగ్గా కూర్చో. అంతకుముందు సంగతి రెండు వాక్యాల్లో రాసుకుంటే చాలు. 1885 నుంచి 1908 దాకా ఆ దేశం మొత్తం బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తి, రబ్బరు కోసం చేతులు నరికిన కాలం. ఆ తర్వాత 1960 దాకా బెల్జియం వలస. 1960 జూన్ 30 నుంచి 1961 జనవరి 17 దాకా మాత్రం తేదీ తేదీకీ ఒక పేజీ ఇవ్వు. ఆ ఆరున్నర నెలల్లో జరిగిందే తర్వాత అరవై ఏళ్లు మళ్లీమళ్లీ జరిగింది.

జూన్ 30, స్వాతంత్ర్యం. బెల్జియం రాజు బోదువాన్ తన పూర్వీకుడు లియోపోల్డ్‌ను పొగిడాడు. కార్యక్రమంలో పేరు లేకపోయినా ప్రధాని లుముంబా లేచి, మీ కింద మేం పడ్డ అవమానాలివీ అని రాజు ఎదుటే ఏకరువు పెట్టాడు. అప్పటికి దేశం మొత్తమ్మీద డిగ్రీ చదివిన స్థానికులు ముప్ఫై మందికి మించరు. సైన్యంలో ఒక్క నల్ల ఆఫీసరు లేడు. జులై 5న బెల్జియన్ సేనాపతి సిపాయిలను పోగేసి నల్లబల్ల మీద 'స్వాతంత్ర్యానికి ముందు = స్వాతంత్ర్యం తర్వాత' అని రాశాడు. సైన్యం తిరగబడింది. జులై 11న అక్కడి నాయకుడు చోంబే కటాంగాను వేరే దేశంగా ప్రకటించాడు. ఆ దేశపు జెండా మీద మూడు రాగి సిలువలు. ఒకప్పుడు ఆ ప్రాంతంలో డబ్బుగా చెల్లినవే అవి. గనులన్నీ నడిపే బెల్జియన్ కంపెనీ యూనియన్ మినియేర్ పన్నులు కట్టడం ఆపలేదు. కిన్షాసాకు కాకుండా చోంబేకు కట్టింది. ఆగస్టులో వజ్రాల కసాయి కూడా విడిపోయింది.

ఇలా రాసేటప్పుడు ప్రతి తేదీ పక్కనా ఒక గడి గీసి, 'ఈ రోజు రాగి పన్ను ఎవరికి చేరింది?' అని రాసుకో. జులై 11 నుంచి ఆ గడిలో కిన్షాసా ఉండదు. సెప్టెంబరు 5న అధ్యక్షుడు కసావుబు ప్రధానిని తీసేస్తే, అదే రాత్రి ప్రధాని రేడియోలో అధ్యక్షుణ్ని తీసేస్తాడు. ఖాళీ ఖజానా మీద ఇద్దరి పెత్తనం. 14న ఇరవై తొమ్మిదేళ్ల కల్నల్ మొబుటు ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టాడు, అమెరికా గూఢచారుల అండతో. జనవరి 17న లుముంబాను, ఇద్దరు సహచరులను విమానంలో కటాంగాకు, అంటే బద్ధశత్రువు చేతికే పంపారు. ఆ రాత్రే కాల్చేశారు, బెల్జియన్లు పక్కనుండగా. శవాన్ని యాసిడ్‌లో కరిగించారు. బంగారు తొడుగున్న పన్నొకటి ఓ బెల్జియన్ పోలీసు దాచుకున్నాడు. దాన్ని బెల్జియం 2022 జూన్‌లో తిరిగి ఇచ్చింది. దేశం ఆ పన్నుకే అంత్యక్రియలు చేసింది.

నువ్వు దిగబోయే లుబుంబాషే ఆనాటి ఎలిజబెత్‌విల్. అప్పుడక్కడికి వచ్చిన ఐక్యరాజ్యసమితి సేనలో మనవాళ్లూ ఉన్నారు. 1961 డిసెంబరు 5న కటాంగా బలగాలు వేసిన అడ్డును తొలగించే పోరులో గూర్ఖా రైఫిల్స్ కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా చనిపోయారు. ఆయనకు పరమవీరచక్ర వచ్చింది. 1963 జనవరికి కటాంగా మళ్లీ కలిసింది.

మూడో సాయంత్రం మొబుటు. 1965 నవంబరు 24 నుంచి 1997 మే దాకా. ముందుగా పేజీని రెండు వరసలుగా విడగొట్టి పాత పేర్లూ కొత్త పేర్లూ రాసుకో, లేకపోతే తికమక పడతావు. లియోపోల్డ్‌విల్ కిన్షాసా అయింది, కాంగో జైర్ అయింది (1971), కటాంగా షాబా అయింది. స్వాహిలీలో షాబా అంటే రాగి. టై కట్టుకోవడం నిషేధం, క్రైస్తవ పేర్లు నిషేధం. గని కంపెనీని జాతీయం చేశాడు. అదే తర్వాత జెకామిన్ అయింది. పేర్లన్నీ మారాయి గానీ డబ్బు పోయే దారి మారలేదు, ఆగే చోటొకటే మారింది. సొంతూరు బాదోలిటేలో కాంకార్డ్ విమానం దిగేంత రన్‌వే వేయించుకున్నాడు.

మా స్టోర్లో ఒక పెద్దాయన ఉండేవాడు, పూర్వం జెకామిన్ ఉద్యోగి. అన్నట్టు, అక్కడ పెద్దవాళ్లను 'పాపా' అనాలి, ఆడవాళ్లను 'మామా' అనాలి. మొదటి వారం నవ్వొస్తుంది, బయటికి నవ్వకు. ఈ పాపా చెప్పేవాడు: కంపెనీ బడి, కంపెనీ ఆసుపత్రి, నెలకో మూట మొక్కజొన్న పిండి. ఆ పిండితో వండే బుకారి మన సంకటిలాంటిదే, మధ్యాహ్నం మా ఇద్దరికీ అదే. 1980ల మధ్యలో జెకామిన్ ఏడాదికి 4.7 లక్షల టన్నుల రాగి తీసింది. పదేళ్లు తిరక్కుండా అది ముప్ఫై, నలభై వేల టన్నులకు పడిపోయింది. లాభం బయటికి పోతే మరమ్మతులకు పైసా ఉండదు. స్పేర్‌పార్టులు కొనని గని ఎన్నాళ్లు నడుస్తుంది? స్టోర్‌కీపర్‌గా నాకు ఆ ఒక్క లెక్కే మొత్తం చరిత్ర చెప్పింది. 1990లో కామోటో గని కూలింది. 1993 జనవరిలో 50 లక్షల జైర్ల (అప్పటి అక్కడి డబ్బు పేరూ జైరే) నోటుతో జీతమిస్తే దుకాణాల్లో తీసుకోలేదు, సిపాయిలు కిన్షాసాను దోచుకున్నారు. పాపాను 2003లో 'స్వచ్ఛందంగా' కొంత సొమ్ము చేతిలో పెట్టి పంపేశారు, పది వేల మందితో పాటు. ఎన్ని నెలల జీతం బాకీ ఉందో ఆయనకు నోటి లెక్కే. నీకో కిటుకు చెప్తాను: అక్కడ పెద్దవాళ్లను ఏ పార్టీ అని అడక్కు, 'జీతం ఎప్పుడాగింది పాపా' అని అడుగు. గంటసేపు చెప్తారు.

నాలుగో సాయంత్రం ఇప్పటి కాలం. ఇక్కడ నోట్‌బుక్‌ను రెండుగా చీల్చు: దక్షిణం సంతకాల కథ, తూర్పు తుపాకుల కథ. రెంటినీ కలిపేస్తే ఏదీ అర్థం కాదు. వార్తలు రాసేవాళ్లే చాలామంది కలిపేస్తారు.

దక్షిణం: 2002లో గనుల చట్టం వచ్చింది, విదేశీ కంపెనీలు దిగాయి. 2008లో చైనా కంపెనీలతో రోడ్లకు బదులు ఖనిజం అనే ఒప్పందం. 2018లో అప్పటి అధ్యక్షుడు జోసెఫ్ కబీలా చట్టం మార్చాడు. కోబాల్టు మీద రాయల్టీ 10 శాతమైంది. ఆ రాయల్టీలో నూటికి 50 కేంద్రానికి, 25 రాష్ట్రానికి, 15 స్థానిక సంస్థకు, 10 రేపటి తరాల నిధికి. ఈ నాలుగు అంకెలు పెద్దక్షరాలతో రాసుకో. అక్కడ గవర్నర్ల కొట్లాటలు చాలావరకు ఆ 25, 15 చుట్టూనే. 2015లో కటాంగాను నాలుగు రాష్ట్రాలుగా విడగొట్టారు. మా కొల్వేజీ రాజధాని అయింది, మా స్టోరు కాగితాల మీద స్టాంపులు మారాయి. పాత కటాంగా గవర్నరు, ఫుట్‌బాల్ క్లబ్బు యజమాని మొయిజ్ కటుంబి అధ్యక్ష పదవికి పోటీ అనేసరికి, తల్లీ తండ్రీ ఇద్దరూ కాంగోవాళ్లయితేనే అర్హత అనే బిల్లు తెచ్చారు. ఆయన తండ్రి గ్రీకు. బిల్లు నెగ్గలేదు.

2018 ఎన్నికప్పుడు నేనక్కడే ఉన్నాను. డిసెంబరు 30న ఓట్లు, మర్నాటి నుంచి ఇంటర్నెట్ బంద్, దాదాపు మూడు వారాలు. ప్రతిపక్షం నుంచి పోటీ చేసిన చిసెకెడి గెలిచాడన్నారు, మా లెక్కలతో ఇది కుదరడం లేదని క్యాథలిక్ బిషప్పులు బాహాటంగానే అన్నారు. అయినా కుట్రా యుద్ధమూ లేకుండా ఓట్లతో అధ్యక్షుడు మారడం ఆ దేశంలో అదే మొదటిసారి. మీ అత్తయ్య ఆ మూడు వారాలూ వాట్సాప్ తెరిచి చూసుకుంటూ కూర్చుంది. అక్కడి ఎన్నికల ముందు ఇంటికి మామూలు ఫోన్ కాల్‌కు సరిపడా బ్యాలెన్సు వేసిపెట్టుకో.

తూర్పు: 1994 రువాండా మారణహోమం తర్వాత లక్షలమంది, వారిలో హంతకులు కూడా, సరిహద్దు దాటారు. వాళ్ల వెంటే రువాండా సైన్యం. ఆ ఊపులోనే తిరుగుబాటు నాయకుడు లోరాన్ కబీలా 1997లో మొబుటును దించాడు. మరుసటి ఏడాదే ఆ సాయం చేసిన రువాండావాళ్లతోనే చెడింది, 2003 దాకా యుద్ధం. దానికింద ఇంకో పాత పుండు ఉంది. గోమా ఉన్న కివూ ప్రాంతంలో రువాండా భాష మాట్లాడేవాళ్లకు 1972 చట్టం పౌరసత్వం ఇచ్చింది, 1981 చట్టం వెనక్కి లాక్కుంది. ఇప్పుడు అక్కడ వినిపించే తిరుగుబాటు దళం ఎం23 పేరు 2009 మార్చి 23 ఒప్పందం నుంచి వచ్చింది. 2024లో వాళ్లు రుబాయా కోల్టాన్ గనులు పట్టారు, 2025 జనవరిలో గోమా, ఫిబ్రవరిలో కివూలోనే ఇంకో నగరం బుకావు. రువాండా సైన్యం అండ ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణులు రాశారు, రువాండా కాదంటుంది. నువ్వుండేది అక్కడికి చాలా దూరం, మీ అమ్మకు బొమ్మ మీద చూపించు.

వెళ్లాక రోజూ పేపర్లో ఒక వార్త తీసుకుని మూడు ప్రశ్నలు వేసుకో: సరుకేది, ఏ దారిన పోతోంది, స్టాంపు ఎవరిది. జాంబియా వైపు కసుంబలేసా సరిహద్దులో లారీల వరస పెరిగిందంటే కిన్షాసాలో ఏదో కాగితం మారిందని మా స్టోర్లో అందరికంటే ముందు తెలిసేది. కొట్టు కౌంటరు దగ్గర మాత్రం ఈ పాండిత్యం చూపించకు. ముఖ్యంగా కసాయివాళ్లా కటాంగావాళ్లా అని ఎవర్నీ అడక్కు. 1992, 93లో కటాంగా నుంచి కసాయివాళ్లను లక్షల్లో రైళ్లెక్కించి తరిమేశారు. ఆ ఇళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి, ఆ మనుషులూ చాలామంది తిరిగొచ్చారు.

బొమ్మ గీశాక ఫోటో తీసి పంపు, తప్పులుంటే దిద్దుతాను. డాలర్లు తీసుకెళ్తే కొత్త నోట్లే తీసుకెళ్లు, గోరంత చిరుగున్నా అక్కడ ముట్టుకోరు.