అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం చూడబోయే ముందు జాగ్రత్తలు

టికెట్లు ఉచితం. మీ సెనేటర్ లేదా ప్రతినిధుల సభ సభ్యుడి కార్యాలయంలో వీలైనంత ముందే అడగండి. డబ్బుకు అమ్మేవాళ్లను అస్సలు నమ్మొద్దు.

ప్రమాణం జనవరి 20 మధ్యాహ్నం 12కి, వాషింగ్టన్‌లోని క్యాపిటల్ (అమెరికా పార్లమెంటు భవనం) ముందు. ఆ రోజు ఆదివారమైతే బహిరంగ వేడుక మర్నాడు.

టికెట్ రంగును బట్టే గేటు. మ్యాపు ముందురోజే చూసుకుని, తెల్లవారకముందే బయల్దేరండి. 2009లో ఊదారంగు టికెట్లున్న వేలమంది థర్డ్ స్ట్రీట్ సొరంగంలో ఇరుక్కుపోయి లోపలికి వెళ్లలేకపోయారు.

బ్యాక్‌ప్యాక్, గొడుగు, థర్మాస్, సెల్ఫీ స్టిక్ రానివ్వరు. గొడుగు బదులు టోపీ ఉన్న వానకోటు వేసుకోండి.

గంటలకొద్దీ చలిలో నిలబడాలి: లోపల థర్మల్స్, మందపాటి సాక్సులు తప్పనిసరి. పసిపిల్లల్ని తీసుకెళ్లకపోవడమే మంచిది.

వర్జీనియాలోని ఆష్‌బర్న్ వైపు మనవాళ్లకు సిల్వర్ లైన్ మెట్రో నయం. స్మార్ట్‌ట్రిప్ (మెట్రో ప్రయాణ) కార్డులో రానూపోనూ డబ్బు వేసుకోండి. దగ్గరి స్టేషన్లు కొన్ని మూసేస్తారు.

1985, 2025లో చలివల్ల వేడుకను భవనంలోకి మార్చారు. కాబట్టి రద్దు చేసుకునే వీలున్న హోటలే తీసుకోండి.