చలికాలం బండి మీద వేళ్లు కొంకర్లు పోకుండా

మాది చేవెళ్ల దగ్గర పల్లె. తెల్లవారుజామున మూడున్నరకి బండి వెనక రెండు మూటల చామంతి కట్టుకుని హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు బయలుదేరతాను. ధనుర్మాసంలో పూలకు గిరాకీ ఎక్కువ, చలీ అప్పుడే ఎక్కువ. దారిలో మర్రిచెట్ల కింద ఉన్నంతసేపు ఫర్వాలేదు. మొయినాబాద్ దాటి అజీజ్‌నగర్ వచ్చేసరికి అటు గండిపేట చెరువు, ఇటు హిమాయత్‌సాగర్ చెరువు. నా వేళ్లు మొద్దుబారేది సరిగ్గా అక్కడే.

మొదట్లో నేనూ అందరిలాగే ఉన్ని గ్లౌజులు కొన్నాను. నడిచేవాడికి అవి మంచివే. ఉన్ని పోగుల మధ్య గాలి కదలకుండా ఉంటేనే వెచ్చదనం. బండి వేగానికి ఆ గాలి నిలవదు. 10 డిగ్రీల చలిలో 60 వేగంతో వెళ్తే ఒంటికి తగిలే చలి 5 డిగ్రీల దాకా దిగుతుంది. అందుకే ముందు గాలిని ఆపాలి, ఉన్ని సంగతి ఆ తర్వాత.

ఆపడానికి చవకైన మార్గం మందుల షాపులో దొరికే పల్చటి రబ్బరు గ్లౌజులు. వాటిని లోపల వేసుకుని పైన ఉన్నివి తొడగాలి. వేసుకునే ముందు చేతులు పొడిగా తుడుచుకోవాలి. పూల మీద నీళ్లు చల్లి, ఆ తడి చేతులతోనే తొడుక్కుని నేను చాలాసార్లు బాధపడ్డాను. మరీ బిగుతువి వద్దు, రక్తం ఆడదు. మందపాటి తోలు గ్లౌజులు నాకైతే నచ్చలేదు, బ్రేకు ఎంత నొక్కానో వేళ్లకు తెలియలేదు.

అన్నిటికంటే పనికొచ్చింది రెగ్జిన్ హ్యాండిల్ కవర్లు. సీటు కవర్లు కుట్టే ఆయనతో కుట్టించాను. లోపల పాత దుప్పటి ముక్క వేయమన్నాను. మొదటి జత పెట్టుకుని వెళ్తుంటే వెనకే వస్తున్న మా బావ ఆపి, "బ్రేక్ లైటు ఎప్పటికీ వెలుగుతనే ఉంది, ఏంది బావా?" అన్నాడు. గాలికి కవరు లోపలికి వంగి బ్రేకు లివర్‌ను నొక్కుతోంది! తర్వాత కవరు లోపల గట్టి తీగ వంచి పెట్టించాను, ఇక వంగలేదు. మీరూ కవర్లు కట్టాక హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. హారన్, ఇండికేటర్ చూడకుండానే అందాలి. చెయ్యి ఒక్క లాగులో బయటికి రావాలి, రాకపోతే కవరు మూతి పెద్దది చేయించండి.

చెయ్యి చల్లబడేది చేతి దగ్గరే అనుకోకండి. ఛాతీకి చలి తగిలితే ఒళ్లు తన వేడిని లోపలే దాచుకుని వేళ్లకు రక్తం తగ్గిస్తుంది. జర్కిన్ లోపల ఛాతీ మీద పాత పేపరు రెండు మడతలు పెట్టుకోండి. నవ్వేవాళ్లు నవ్వనీ. ఇక మణికట్టు. గ్లౌజుకీ జర్కిన్‌కీ మధ్య రెండు వేళ్ల సందు ఉంటే గాలంతా అక్కడినుంచే దూరుతుంది. పాత సాక్సు మడమ దగ్గర కోసి, బొటనవేలికి చిల్లు పెట్టి తొడిగితే ఆ సందు పూడిపోతుంది. హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకోవద్దు.

ఇంత చేసినా వేళ్లు తిమ్మిరెక్కితే బండి ఆపాలి. బ్రేకు మీద వేలు ఉందో లేదో తెలియకుండా నడపడం ప్రమాదం. ఒకసారి అప్పా జంక్షన్ దగ్గర ఆపి, చేతులు సైలెన్సర్ దగ్గర పెట్టబోయాను. టీ కొట్టు పెద్దాయన కేకేశాడు: "కాలినా తెల్వది బిడ్డా! ముందు సంకల పెట్టుకో." నిజమే, మొద్దుబారిన చర్మానికి కాలిన సంగతి వెంటనే తెలియదు. సంకలో రెండు నిమిషాలు, తర్వాత చేతులు గుండ్రంగా గట్టిగా ఊపడం, ఆపైన టీ. వేడి తిరిగొస్తున్నప్పుడు వేళ్లు సూదులు గుచ్చినట్టు మండుతాయి, భయపడకండి.

లంగర్‌హౌజ్ చేరాక ఇళ్ల మధ్య గాలి తగ్గుతుంది. కవర్లు మాత్రం నేను శివరాత్రి దాకా తీయను. తీశాక కొట్టంలో ఎత్తుగా వేలాడదీస్తాను. పోయినేడు కింద పడేస్తే ఎడమదాన్ని ఎలుకలు కొరికేశాయి.