వేరుశనగ పెంకుతో నీటిలోని సీసాన్ని (లెడ్ లోహాన్ని) తొలగించడం ఎలా?

అనంతపురం చుట్టుపక్కల వేరుశనగ మిల్లుల దగ్గర పెంకు గుట్టలుగా ఉంటుంది. ఒక బస్తా తెస్తే కళాశాల ప్రయోగశాలకు ఏడాదంతా సరిపోతుంది. కావలసింది కాయ పైపెంకే. గింజ మీది ఎర్ర పొరను ఏరేయండి, అది నీటికి రంగు ఎక్కిస్తుంది.

మట్టి పోయేదాకా కడిగి, రెండుసార్లు మరిగించి వంపేసి, ఎండబెట్టండి. రోట్లోనే దంచాలి. మిక్సీలో వేస్తే పిండై ఫిల్టర్ పేపర్‌ను మూసేస్తుంది. అర మిల్లీమీటరు జల్లెడ పట్టి, 0.1 నార్మల్ (నార్మల్ అంటే ద్రావణం గాఢతకు కొలత) నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, స్వేదనజలంతో బాగా కడిగి ఆరబెట్టండి. చేతికి తొడుగులు తప్పనిసరి.

బొగ్గుగా కాల్చి వాడమని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. సీసాన్ని పట్టుకునేవి పెంకులోని కార్బాక్సిల్ సమూహాలు, అంటే ఆమ్ల గుణమున్న చిన్న రసాయన భాగాలు. బాగా కాలిస్తే వాటిలో చాలా భాగం పోతుంది.

1.6 గ్రాముల లెడ్ నైట్రేట్‌ను కరిగించి లీటరు చేయండి. అందులో 10 మిల్లీలీటర్లను మళ్లీ లీటరుకు పలుచన చేస్తే లీటరుకు 10 మిల్లీగ్రాముల సీసం ఉన్న నీరు సిద్ధం. 100 మిల్లీలీటర్లకు ఒక గ్రాము పొడి వేయండి.

ఇక పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత. ప్రయోగాలు పాడయ్యేది ఇక్కడే. అది 5కూ 5.5కూ మధ్య ఉండాలి. 3 కంటే తగ్గితే హైడ్రోజన్ అయాన్లే పొడి మీది చోటంతా ఆక్రమిస్తాయి, సీసం నీటిలోనే మిగులుతుంది. 6 దాటి పైకి పోతే సీసం హైడ్రాక్సైడుగా అడుగుకు దిగడం మొదలవుతుంది. వడపోస్తే నీటిలో సీసం కనిపించదు, విద్యార్థి తొంభై తొమ్మిది శాతం తొలగిందని రాసుకుంటాడు. ఆ పని చేసింది పెంకు కాదు, క్షారం!

పీహెచ్‌ను పొడి వేయకముందు చూసి ఊరుకోకండి. కడుగుడులో మిగిలిన ఆమ్లం దాన్ని కిందికి లాగుతుంది. పొడి వేసిన పది నిమిషాలకు మళ్లీ చూడండి, అరగంటకు ఇంకోసారి చూడండి. తగ్గితే 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడును (క్షారాన్ని) కలుపుతూ చుక్కచుక్కగా వేయండి. గాఢ ద్రావణం ఒక్కసారి పోస్తే పడినచోటే తెల్లగా విరుగుతుంది. పీహెచ్‌ను నిలకడగా ఉంచే ఫాస్ఫేట్ బఫర్ ద్రావణం అసలే వద్దు, సీసం ఫాస్ఫేటుగా అడుగుకు దిగుతుంది.

పొడి లేని ఇంకో ఫ్లాస్కును అదే పీహెచ్‌లో పక్కనే ఉంచండి. అందులోనూ సీసం తగ్గితే మీ ఫలితాన్ని కొట్టేయండి.

రెండు గంటలు తిప్పి వడపోయండి. కాగితం కూడా కొంత సీసాన్ని పీల్చుకుంటుంది కాబట్టి మొదటి 10 మిల్లీలీటర్లు పక్కన పెట్టి, మిగిలినదాన్ని నీటిలో ఎంత సీసం ఉందో కొలిచే అటామిక్ అబ్సార్ప్షన్ పరీక్షకు పంపండి. తాగునీటిలో సీసానికి భారత ప్రమాణాల పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములే. 10లో 99 శాతం పోయినా 0.1 మిగులుతుంది, అంటే పరిమితికి పది రెట్లు. ఈ నీటిని ఎవరికీ తాగించకండి.

వాడిన పొడిని పొలంలో చల్లకూడదు, పొయ్యిలో వేయకూడదు. పక్కన పెట్టిన నీటినీ సింకులో పోయకూడదు. రెండింటినీ సీసం అని రాసిన మూత డబ్బాల్లో ఉంచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకువెళ్లే వారికే ఇవ్వండి.