వీరగాథ రాద్దాం – 5వ పాఠం: వీరుడి లోపం ఎక్కడ మొలవాలి?

గత పాఠంలో మన దళపతికి ఒక ప్రతిజ్ఞ రాసుకున్నాం: "నా వెంట వచ్చినవాణ్ణి వదిలి వెనక్కి రాను." ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఈ వారం దానితోనే అతణ్ణి దెబ్బతీయాలి.

కొత్తగా రాసేవారు వీరుడికి మంచి గుణాలన్నీ ఇచ్చేసి, ఆఖరున "కాస్త కోపిష్టి" అని తగిలిస్తారు. నేనూ ఆ పని చేశాను. నా మొదటి కథలో సేనాపతికి తాగుడు అలవాటు పెట్టాను. ఇరవై పేజీలు గడిచినా దానివల్ల కథలో ఆకైనా కదలలేదు. తీసేస్తే ఎవరూ గమనించని లోపం లోపమే కాదు.

కర్ణుడి చావుకు కారణాలు అనేకమంటారు. మనకు ఒకటి చాలు. వనపర్వంలో సూర్యుడు కలలో కనిపించి, ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి కవచకుండలాలు అడుగుతాడు, ఇవ్వవద్దని హెచ్చరిస్తాడు. మోసం ముందే తెలిసినా కర్ణుడు ఇచ్చేస్తాడు. ప్రాణం కన్నా కీర్తే ముఖ్యమని ఆ సూర్యుడితోనే అంటాడు. ఇందులో దానగుణం ఎంత, పేరు మీద మోజు ఎంత? విడదీయడం నాకు చేతకాలేదు. రెండింటికీ వేరు ఒకటే.

బదులుగా అందిన శక్తి ఆయుధం ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్న దాన్ని పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడి మీద వాడక తప్పలేదు. తానే పడిపోయింది పదిహేడో రోజున. దానం చేసిన చోటే దండన పడలేదని గమనించండి. పాఠకుడు ఆ సంగతి దాదాపు మరచిపోయాక బాకీ వసూలైంది.

ఇంకో మాట. సభలో ద్రౌపదిని అతడు అన్న మాటలను వ్యాసుడు దాచలేదు. సానుభూతి పోతుందన్న భయంతో మీ వీరుడి తప్పును మెత్తబరచకండి. దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులను పరుషంగా మాట్లాడినందుకు ఇప్పుడు తపిస్తున్నానని ఉద్యోగపర్వంలో కర్ణుడే కృష్ణుడికి చెబుతాడు. చెప్పి, మళ్లీ దుర్యోధనుడి పక్షానికే వెళతాడు! నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం అదే.

ఇక మన దళపతి. "ధైర్యవంతుడే కానీ మొండివాడు" అని రాస్తే అది పరిచయ పత్రం అవుతుంది. ఇలా రాసి చూద్దాం:

"వంతెన తగలబెట్టమని వెనుక నుంచి కేక వినిపించింది. అవతలి గట్టున తనవాళ్లు ఇంకా ముగ్గురున్నారు. దళపతి కాగడాను ఆర్పలేదు, వంతెనకు అంటించనూ లేదు. శత్రువుల గుర్రాలు వంతెన ఎక్కేదాకా దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు."

పాత ప్రతిజ్ఞ ఇక్కడ కోటకే ముప్పు తెచ్చింది. అతడు మాట తప్పలేదు. చిక్కంతా అక్కడే.

అభ్యాసం: మీ వీరుడి ప్రతిజ్ఞతో రెండు దృశ్యాలు రాయండి, ఒక్కొక్కటి పది వాక్యాలు మించకుండా. మొదటి దానిలో ఆ మాట ఒకరిని బతికించాలి, రెండో దానిలో ఒకరిని చంపాలి. మొండితనం, గర్వం, పశ్చాత్తాపం అనే మాటలు ఎక్కడా రాకూడదు. రెండో దృశ్యంలో అతడు ఏమీ మాట్లాడకపోతే మరీ మంచిది.

వచ్చే పాఠానికి ఆ ముగ్గురిలో ఒకణ్ణి బతికించి ఉంచండి. దళపతి ఎదుట నిలబడి అతడు ఏమంటాడో రాయాలి.