మిస్సోరీ బ్రేక్స్‌కు వెళ్లేముందు వాన సూచన చూడండి

అమెరికాలోని మోంటానాలో, మిస్సోరీ నది కోసిన ‘బ్రేక్స్’ అనే మట్టి లోయల్లోకి వేటకో, చేపలు పట్టడానికో వెళ్లాలనుకుంటే తుపాకీ, గాలం సర్దుకునే ముందే వాన సూచన చూడండి. అక్కడి బంకమట్టిని ‘గంబో’ అంటారు. ఎండలో రాయిలా ఉంటుంది. ఒక్క జల్లు పడితే చాలు, చక్రాలకు ముద్దలు ముద్దలుగా పట్టేస్తుంది, నాలుగు చక్రాలూ లాగే బండి కూడా జారి పక్కకు పోతుంది. మన నల్లరేగడి చేలల్లో తొలకరికి నడిచినవాళ్లకు ఆ బరువు తెలుసు. పది అడుగులు వేసేసరికి బూటు అడుగున మరో బూటు తయారవుతుంది.

కాబట్టి రెండు రోజులకు సరిపడా తిండి, నీళ్లు అదనంగా పెట్టుకోండి. మబ్బు పట్టగానే కంకర రోడ్డు మీదకు వచ్చేయండి. తడిస్తే మాత్రం తొందరపడకండి. నేల ఆరేదాకా ఆగడమే దారి. చాలా చోట్ల ఫోను పనిచేయదు, అందుకని ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి బయలుదేరండి. పెట్రోలు దారిలోని లూయిస్‌టౌన్ పట్టణంలోనే నింపుకోండి.

బయటి రాష్ట్రాలవారు ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు ఏప్రిల్ 1 లోపే దరఖాస్తు చేయాలి. వేట వద్దనుకునేవారు సెప్టెంబరు చివర్లో ఫ్రెడ్ రాబిన్సన్ వంతెన దగ్గర ఎల్క్‌లను చూసేందుకున్న స్లిపరీ ఆన్ అనే చోటుకు తప్పకుండా వెళ్లండి. అక్కడ వేట నిషేధం. పొద్దుగూకే వేళ నది ఒడ్డు చెట్లలోంచి ఎల్క్ మగవి ఈలలాంటి కేక వేస్తూ బయటికి వస్తాయి. బండి దిగకుండా, ఇంజను ఆపి, గంటసేపు కదలకుండా కూర్చోండి.