సిమెంటు గచ్చు మీది పాత ఎనామిల్ రంగును తీసిన విధానం: నా అనుభవం

మా వరండాలోని సిమెంటు గచ్చుకు ఏళ్ల క్రితం వేసిన ఎర్ర ఎనామిల్ పెయింట్ పొక్కులుగా లేచి ఊడిపోసాగింది. దానిపైనే కొత్త రంగు వేస్తే అదీ పాత పొరతోపాటే ఊడుతుంది కనుక, ముందు గచ్చు బయటపడేదాకా గీకాలని నిర్ణయించుకున్నాను.

చాలామంది యాసిడ్ పోయమంటారు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ సిమెంటును తినేస్తుంది గాని ఎనామిల్ పొరను కరిగించదు. అందుకని జెల్ రూపంలోని పెయింట్ రిమూవర్ తెచ్చి, రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు ధరించి, ఎండ లేని వేళ చూసి, కొద్దికొద్ది మేర దట్టంగా పట్టించాను. ఆరిపోకుండా పాలిథిన్ షీటు కప్పి ఉంచగా, కాసేపటికి రంగు ముడతలు పడి మీగడలా పైకి తేలింది. లప్పం పట్టీని వాలుగా పట్టి తోస్తే చుట్టలుగా వచ్చేసింది. సన్నని రంధ్రాల్లో మిగిలిన ఎరుపును మరో పూత పట్టించి, గట్టి నైలాన్ బ్రష్షుతో రుద్ది తీశాను.

ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90 భాగాలకు) మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందరి రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కనుక పొడి గచ్చు మీద గ్రైండరు పెట్టించకండి. ఆ ధూళి పిల్లలకు మరీ ప్రమాదం. నేను తడి మీదే గీకి, పెచ్చులన్నీ సంచిలో మూటకట్టాను.

సబ్బునీటితో కడిగి ఆరనిచ్చాక, పాలిథిన్ ముక్కను నాలుగంచులా టేపుతో అతికించి మర్నాటిదాకా ఉంచితే అడుగున చెమ్మ పట్టలేదు, అంటే గచ్చు ఆరిందన్నమాట. నీటిచుక్కను గచ్చు వెంటనే పీల్చుకుంది, అంటే పైన రంగు పొర మిగల్లేదన్నమాట. ఆ తర్వాతే ప్రైమర్ వేయించాను.