ధ్రువనక్షత్రం లేని ఆకాశంలో దక్షిణం ఎటు?

మెల్‌బోర్న్ వచ్చాక టెలిస్కోప్‌ను దక్షిణానికి సరిచేయడానికే అరగంట పోయేది. మన ధ్రువనక్షత్రం ఇక్కడ కనిపించదు. ఆకాశమంతా ఏ బిందువు చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుందో ఆ దక్షిణ ఖగోళ ధ్రువం దగ్గరున్న సిగ్మా ఆక్టాంటిస్ నక్షత్రం మరీ మసక, ఊళ్లో కంటికి ఆనదు.

ఇప్పుడు శిలువ ఆకారంలో ఉండే సదరన్ క్రాస్ నక్షత్రమండలం, అదే మన త్రిశంకు, పట్టుకుంటున్నాను. తల నుంచి పాదం వరకు పొడవు చూసుకుని, పాదం దాటాక అదే గీతను నాలుగున్నర రెట్లు సాగదీయండి. చేయి చాచి కొలిస్తే మూడు పిడికిళ్లకు కాస్త తక్కువ. అక్కడే ఖగోళ ధ్రువం. నిటారుగా కిందికి దిగితే దక్షిణ దిక్కు. టెలిస్కోప్‌ను నిలబెట్టే మౌంట్ వాలు ఊరి అక్షాంశమే, ఇక్కడ 38 డిగ్రీలు.

దగ్గర్లోనే పెద్దగా, మసకగా ఫాల్స్ క్రాస్ అనే మరో శిలువ ఆకారం ఉంటుంది, మోసపోతాం. పక్కన ఆల్ఫా, బీటా సెంటారీ నక్షత్రాల జంట మెరవకపోతే కొలవకండి.